బొప్పాయి రైతుకు నారు గండం
పూత వచ్చేదాకా తేలని జాతి

రైల్వే కోడూరు: బోరు కింద ఎకరమో రెండెకరాలో బొప్పాయి పెట్టాలనుకున్న రైతు నర్సరీకి వెళ్లి మొదట అడిగేది మొక్క ధర. అది ఏ విత్తనం నుంచి వచ్చిన మొక్క అని అడిగేవారు తక్కువ. ఆ ప్రశ్నకు నర్సరీలో జవాబు దొరకకపోతే, నాటిన కొన్ని నెలలకు పూత వచ్చినప్పుడు తోటలోనే దొరుకుతుంది. అప్పటికి గుంటలు, డ్రిప్పు, ఎరువు, కూలీ అన్నీ ఖర్చయిపోయి వుంటాయి.

కోడూరు ప్రాంతంలోను, కడప, అనంతపురం జిల్లాల్లోను ఇప్పుడు ఎక్కువగా కనిపించేది తైవాన్ రెడ్ లేడీ, రైతుల నోట 786. ఇది తైవాన్‌లో తయారైన హైబ్రిడ్ రకం. దీనికి ముందు మనవాళ్లు ఎరిగినవి వాషింగ్టన్, కూర్గ్ హనీడ్యూ, కోయంబత్తూరు వ్యవసాయ విశ్వవిద్యాలయం వారి కో రకాలు. రెడ్ లేడీ కాయ ఒకటిన్నర నుంచి రెండు కిలోలు తూగుతుంది. కండ ఎర్రన, తోలు గట్టి. ఉత్తరాదికి లారీలో వెళ్లినా చితికిపోదు. వ్యాపారికి కావలసింది అదే.

రైతుకు నచ్చిన గుణం వేరే వుంది. వాషింగ్టన్, కో-2 వంటి పాత రకాల్లో విత్తనం వేస్తే సుమారు సగం మగ చెట్లే వస్తాయి. అందుకే గుంటకు రెండు మూడు మొక్కలు నాటి, పూత చూసి మగవాటిని పీకివేసి, పది ఆడ చెట్లకు ఒక మగ చెట్టు చొప్పున వుంచేవారు. రెడ్ లేడీలో మగ చెట్టు రాదు. సగం ఆడ చెట్లు, సగం ద్విలింగ చెట్లు. ఆడ చెట్టు కాయ గుండ్రం, ద్విలింగ చెట్టు కాయ పొడవు. గుంటకు ఒక్క మొక్క చాలు.

చిక్కంతా ఇక్కడే మొదలయింది. హైబ్రిడ్ విత్తనం ఖరీదయినది, తోట పెట్టిన ప్రతిసారీ కొనవలసిందే. ఆ ఖర్చు తప్పించుకోవడానికి కొందరు బాగా కాసిన రెడ్ లేడీ పండు నుంచే గింజ తీసి నారు పోస్తారు. ఆ నారు అసలు నారుతో కలిసి అమ్ముడయినా కళ్లతో చూసి పోల్చడం ఎవరి తరమూ కాదు. హైబ్రిడ్ గుణాలు రెండో తరంలో చీలిపోతాయి. ఒక చెట్టు ఎత్తు, ఒకటి పొట్టి. ఒక కాయ తీపి, ఒకటి చప్పన. గింజ తీసిన చెట్టు పూతపై దగ్గరలోని పెరటి మగ చెట్టు పుప్పొడి పడి వుంటే మగ చెట్లు కూడా దిగుతాయి. ఆరడుగుల ఎడంలో ఎకరాకు 1,210 మొక్కలు పడతాయి. పదింట రెండు కాయకపోతే 242 గుంటలకు పోసిన నీరు వృథా. ఆరు వందల అడుగుల లోతు నుంచి నీరు లాగే రైతుకు ఇది చిన్న నష్టం కాదు.

నారు అమ్మేవారు చెప్పే మరో మాట, "వైరస్ రాని మొక్క" అని. అది నమ్మదగిన మాట కాదు. రెడ్ లేడీ ఉంగరపు మచ్చ వైరస్‌ను కొంత తట్టుకుంటుందే తప్ప పూర్తిగా ఆపలేదు. అమెరికాలోని హవాయి దీవుల్లో 1992లో ఈ వైరస్ ప్రధాన సాగు ప్రాంతంలో ప్రవేశించి తోటలను నాశనం చేసింది. 1998లో జన్యుమార్పిడి చేసిన రెయిన్‌బో రకం ఇచ్చాకనే అక్కడ సాగు నిలబడింది. ఆ రకానికి మన దేశంలో సాగు అనుమతి లేదు. ఈ వైరస్ గింజ ద్వారా రాదు, పేనుబంక మోసుకొస్తుంది. ఆ పురుగు ఆకుపై క్షణాలసేపు నోరు పెట్టి ఎగిరిపోయినా తెగులు అంటుతుంది కనుక, మందు కొట్టే లోపలే పని జరిగిపోతుంది. నారును వల కింద పెంచడం, తోట చుట్టూ ముందే రెండు వరుసల జొన్నో అవిసో వేయడం, పక్కన దోస, గుమ్మడి లేకుండా చూడడం, తెగులు మొక్కను కనిపించిన రోజే పీకడం, ఇంతవరకే రైతు చేతిలో వుంది.

గింజ దాచుకోదగిన రకాలు లేకపోలేదు. బెంగుళూరు దగ్గర హెసరఘట్టలోని ఉద్యాన పరిశోధనా సంస్థ అర్క సూర్య, అర్క ప్రభాత్ ఇచ్చింది. కోయంబత్తూరు నుంచి కో-7 వచ్చింది. మూడింటిలోను మగ చెట్లు రావు. మంచి ద్విలింగ చెట్టును ఎన్నుకొని, పూలు విచ్చకముందే కాగితపు సంచి కట్టి, కట్టిన కాయకు గుర్తు పెట్టుకుంటే చాలు. ఆ గింజల్లో మూడింట రెండు వంతులు ద్విలింగ మొక్కలు, ఒక వంతు ఆడ మొక్కలు వస్తాయి. గింజ మీది జిగురు పొరను బూడిదతో రుద్ది కడిగి నీడలో ఆరబెట్టాలి. పెద్ద విద్యేమీ కాదు, సంచి కట్టే ఓపిక కావాలి.

అయితే అర్క సూర్య కాయ కిలోకు లోపే తూగుతుంది. ప్రభాత్ కిలో అటూ ఇటూ. పెద్ద కాయకు అలవాటు పడిన వ్యాపారి వీటిని చూసి మొహం తిప్పుకుంటే రైతు ఒక్కడే ఏమీ చేయలేడు. తోట మొత్తం మార్చమని చెప్పడం తేలిక, అమ్ముకోవడం కష్టం. దగ్గరి సంతల్లో, పట్నాల్లో అమ్ముకోగలవారు పాతిక సెంట్లలో వేసి చూడడం మేలు.

రెడ్ లేడీయే వేసేవారికి కావలసిన రక్షణ వేరు. ఉద్యాన నర్సరీలు నమోదు చేసుకోవాలని 2010లోనే చట్టం వచ్చింది. నారు కొన్న రైతు చేతికి రకం పేరు, విత్తన పాకెట్ లాట్ నంబరు రాసిన బిల్లు రాకపోతే ఆ చట్టం కాగితానికే పరిమితం. నష్టపరిహారం అడగబోయిన రైతును అధికారులు మొదట అడిగేదీ ఆ బిల్లే. కోడూరు పక్కనే అనంతరాజుపేటలో ఉద్యాన పరిశోధనా స్థానం వుంది. అక్కడ దూరం పాటించి ఒక విత్తన మడి పెంచి, సంచి కట్టిన చెట్ల గింజను రైతులకు అందిస్తే హెసరఘట్ట దాకా ప్రయాణం తప్పుతుంది.

నారు నాటుకు రావడానికి 45 నుంచి 60 రోజులు పడుతుంది. జూన్, జులైలలో నాటదలచినవారు ఏప్రిల్‌లోనే విత్తనం చూసుకోవాలి. సొంతంగా నారు పోసుకోలేనివారు నర్సరీలో విత్తన పాకెట్‌ను తమ ఎదుట చించమని అడగవచ్చు.