లైసెన్సు ఎవరి జేబులో?

బర్మాలో, అంటే నేటి మయన్మార్‌లో, యాంగోన్ నగరంలోని మింగళ తౌంగ్‌న్యున్‌లో ఒక కుర్రాడు వకీలు కావాలంటే ముందు లా డిగ్రీ, ఆపైన ఏడాది పాటు సీనియర్ దగ్గర శిష్యరికం, తర్వాత హయ్యర్ గ్రేడ్ ప్లీడర్ లైసెన్సు, ఇంకొంతకాలానికి అడ్వకేట్ హోదా. వినడానికి ముచ్చటగానే ఉంది. ఆ ఏడాది ఎలా గడుస్తుందన్నది మాత్రం సీనియర్ చిత్తం. వాదన నేర్పితే అదృష్టం. లేదంటే ఫైళ్లు మోయడం, స్టాంపులు అంటించడం, వాయిదా తేదీ కోసం గుమాస్తా బల్ల దగ్గర పడిగాపులు.

అక్కడి వకీళ్లకు శిక్షణ చాలదని తల పంకించే పెద్దలున్నారు. నిజమే, చాలదు. చాలకుండా చేసిందెవరు? 1988 ప్రజాస్వామ్య ఉద్యమం తర్వాత సైనిక పాలకులు యూనివర్సిటీలకు తాళాలు వేశారు. 1996లో విద్యార్థులు వీధికెక్కితే మళ్లీ వేశారు, ఏళ్ల తరబడి. లా చదువును దూరవిద్యకు నెట్టారు. చదువు పీక నొక్కినవాళ్లే ఇప్పుడు అర్హత గురించి పాఠాలు చెబుతున్నారు!

అసలు రోగం వేరే ఉంది. బ్రిటిష్ వాళ్లు 1926లో చేసిన బార్ కౌన్సిల్ చట్టమే మనకూ, వాళ్లకూ మూలం. మనం 1961లో అడ్వకేట్స్ చట్టం తెచ్చి, రాష్ట్ర బార్ కౌన్సిళ్లను వకీళ్లే ఎన్నుకునేలా చేసుకున్నాం. ఆ ఎన్నికల్లో కులం, విందులు ఎంత పనిచేస్తాయో మనకు తెలియనిది కాదు. అయినా ఓటు మనదే. అక్కడ 1989లో సైనిక పాలకులు పాత చట్టాన్నే సవరించి అటార్నీ జనరల్‌ను బార్ కౌన్సిల్ పీఠం మీద కూర్చోబెట్టారు. అంటే నిందితుడి మీద కేసు నడిపే శాఖకు పెద్ద ఎవరో, అతని పక్షాన నిలిచే వకీలు క్రమశిక్షణ చూసే సంస్థకూ ఆయనే పెద్ద. ఇంతకంటే సిగ్గుమాలిన ఏర్పాటు ఉంటుందా?

2016 జనవరిలో ఇండిపెండెంట్ లాయర్స్ అసోసియేషన్ ఆఫ్ మయన్మార్ పుట్టింది. విదేశీ నిధులతో శిక్షణా తరగతులు జరిగాయి. 2021 ఫిబ్రవరిలో సైన్యం మళ్లీ గద్దెనెక్కింది. ఇన్సేన్ జైలు గోడల లోపలే ప్రత్యేక కోర్టులు పెట్టింది. రాజకీయ కేసులు పట్టిన వకీళ్లను అరెస్టు చేసింది. ఆ అక్టోబరులో ఆంగ్ సాన్ సూకీ న్యాయవాది ఖిన్ మౌంగ్ జా పత్రికలతో మాట్లాడకుండా నోరు కట్టేశారు. దేనికింద? 144 సెక్షన్ కింద! వీధిలో గుంపులు చేరకుండా 2024 దాకా మన ఊళ్లలో విధించిన ఆ సెక్షనే ఒక వకీలు నోటికి తాళమైంది. క్రాస్ ఎగ్జామినేషన్ మెళకువలు నేర్పిన ఏ తరగతి అతన్ని కాపాడుతుంది?

మనకెందుకీ గొడవ అంటారా? మన తీరం నుంచి ఓడలెక్కి రంగం, అంటే నేటి యాంగోన్ వెళ్లి, అక్కడి రేవులో మూటలు మోసింది మనవాళ్లే. 1930 మే నెలలో అదే రేవులో కొట్లాటలు రేగి వాళ్ల నెత్తురు పారింది. మింగళ తౌంగ్‌న్యున్‌లో భారత మూలాలున్న కుటుంబాలు నేటికీ ఉన్నాయి. 1982 పౌరసత్వ చట్టం 1823కు ముందు స్థిరపడ్డ జాతులవాళ్లను ఒక గాటన, మిగతావాళ్లను ఇంకో గాటన కట్టింది. ఆ మిగతావాడు తాతల కాగితాలు పట్టుకుని ఆఫీసుల చుట్టూ తిరిగేటప్పుడు, పక్కన నిలబడేందుకు భయపడని వకీలు కావాలి. వార్షిక సభల్లో వృత్తి స్వాతంత్ర్యం మీద గంటల కొద్దీ మాట్లాడే రెండు తెలుగు రాష్ట్రాల బార్ కౌన్సిళ్లు, బర్మా వకీళ్ల లైసెన్సులను ప్రభుత్వం చేతిలోంచి తప్పించాలని ఒక తీర్మానం చేయడానికి ఎవరి అనుమతి కావాలి?