మెతుకుదుర్గము



మా బహదూర్‌పల్లిలో మా యింటి ప్రక్క మేడలో నివసించు నొక సోదరి గత వేసవిలో ఇటలీ దేశమునకేగి వచ్చి, అచ్చటి కొండపట్టణముల ఛాయాచిత్రములను నాకు చూపినది. శాన్ జిమిన్యానో అను ఊరిలో పూర్వపు రాతి బురుజులు 14 నేటికిని నిలిచియున్నవి. సిర్మియోనే యనుచోట సరస్సు నీరు కోటగోడలను తాకుచుండును. అవి కన్నులపండువే. కాని నా మనస్సు నిలిచినది ఓర్వియేటో పట్టణపు బావిమీద. ఆ ఊరు నిట్టనిలువు రాతిగుట్టపై నున్నది. 1527లో రోమునగరము కొల్లగొట్టబడగా, పోపు ఏడవ క్లెమెంటు అచ్చట తలదాచుకొని, ముట్టడి వచ్చినచో నీరెట్లని 53 మీటర్ల లోతుగల బావిని త్రవ్వింపజేసెను. దిగుట కొకటి, ఎక్కుట కొకటి, రెండు మెలిదారులు. ఒక్కొక్కదానికి 248 మెట్లు. నీరు మోయు కంచరగాడిదలు ఎదురుపడి చిక్కుకొనకుండుటకై ఆ యేర్పాటు. కోటలనిన రాజులు, ముట్టడులు నని చిన్ననాడు మా తండ్రిగారివద్ద చదివిన కావ్యములలో నెరుగుదును గాని, కోటలోనికి కడవ యెవరు మోసిరో యే కవియు నాకు చెప్పియుండలేదు.

నాకును ఒక కోటను చూడవలెనని బుద్ధిపుట్టెను. ఇటలీ మాట యటుండనిండు. మా గండిమైసమ్మ కూడలినుండి నర్సాపూరు మీదుగా పోవు బస్సు తిన్నగా మెదకునకే చేరును. పెండ్లియై పదునెనిమిదేండ్లయినను నే నా త్రోవను పోయి యెరుగను. అడ్డు ధనము కాదు. 2023 డిసెంబరునుండి తెలంగాణమున పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సులలో స్త్రీలకు ఛార్జీ లేదు; కార్డు చూపిన జీరో టికెట్టు చేతికిత్తురు. అడ్డు వేరొకటి. మన యిండ్లలో స్త్రీ గడపదాటుటకు మ్రొక్కో, పురుడో, పెండ్లియో, చావో యుండవలెను. ఊరక చూచివచ్చుటకై పోవుట మగవారి సొత్తు.

అందుచే నేనొక చిన్న మోసము చేసితిని. మాఘమాసమున, శివరాత్రి జాతరకు ముందే, ఏడుపాయల వనదుర్గమ్మను దర్శించి వత్తమని అత్తగారితో నంటిని. కోటమాట యెత్తలేదు. మావారికి మాత్రము చెప్పితిని. బడిలో పరీక్షలగుటచే తాము రాజాలక, నవ్వి యూరకుండిరి.

తెల్లవారుజామున బయలుదేరితిమి. దుండిగల్లు దాటి, నర్సాపూరు అడవిలో బాటప్రక్కన బారులుతీరిన కోతులను చూచుచు మెదకు చేరుసరికి ఎండ యింకను లేతగానే యుండెను. గుట్టక్రిందికి రాగానే అత్తగారు తలయెత్తి చూచి, "ఇక్కడ ఏ దేవుడున్నడు బిడ్డా?" యని యడిగిరి.

"దేవుడు కాదత్తమ్మా, కోట."

"దేవుడు లేని గుట్ట ఎందుకెక్కుడు?"

నాకు జవాబు తోచలేదు. తలవంచి మొదటి మెట్టుమీదనే నిలుచుంటిని. ఆమె కొంతసేపు నా ముఖమువంక చూచి, చెప్పులు విడిచి చేతబట్టుకొని, గుడికెక్కినట్లే ఎక్కనారంభించిరి.

ఈ కోట కాకతీయుల కాలమున, 12వ శతాబ్దిలో పుట్టినది. పిమ్మట గోలకొండ కుతుబ్‌షాహీల చేతికి వచ్చినది. ప్రథమద్వారము, సింహద్వారము, గజద్వారమని మూడు వాకిళ్లు. సింహద్వారము పైభాగమున గర్జించుచున్నట్లు రెండు సింహములును, గజద్వారమునకిరువైపుల పెనగొన్న ఏనుగులును గలవు. సింహద్వారముకడ అత్తగారి మోకాళ్లు మొరాయించెను. "నువ్వు పో, నేనీడ కూసుంట" ననిరి. నేను నాలుగడుగులు వేసి వెనుకకు చూచుటయు, మరల నాలుగడుగులు వేయుటయు. నిజము చెప్పి తోడ్కొనివచ్చియుండిన నింత భయము లేకపోవును. ఆమె కాలుజారినచో ఆ పాపము నా యబద్ధమునకే తగులును గదా! నా గుండె దడదడ కొట్టుకొనుచుండగనే ఆమె లేచి, గోడపట్టుకొని, నా వెనుకనే వచ్చిరి.

పైన కుతుబ్‌షాహీలనాటి మసీదు, ముబారక్ మహలు అనునది, ఒక పెద్ద ఫిరంగి కలవు. ఫిరంగిని అత్తగారు కన్నెత్తియైన చూడలేదు. శిథిలమైయున్న ధాన్యపుకొట్లకడ నిలిచి, గోడపై చేయివేసి, "ఇన్ని వడ్లు ఇంత పైకి ఎవరు మోసిండ్రు?" అనిరి. నేనన్ని పుస్తకములు తిరుగవేసి యడిగిన ప్రశ్నను ఆమె గోడను తాకి యడిగిరి. ఓర్వియేటో బావి కథ చెప్పితిని. విని, "అక్కడ గాడిదలకు గూడ తొవ్వ కట్టిండ్రా! ఇక్కడ ఆడోళ్లే మోసుంటరు" అని నిట్టూర్చిరి.

మెదకు పేరు మెతుకునుండి వచ్చినదని పెద్దలందురు. ఈ ప్రాంతమునకు మెతుకుసీమ యను పేరే కలదు. పైనుండి చూచిన నా పేరు సార్థకమని తోచును: పచ్చని పొలములు, నడుమ చెరువుల తళుకు, ఇండ్లన్నిటిని మించి లేచిన చర్చి శిఖరము. ఆ శిఖరము 175 అడుగులు. కోట దిగి అచ్చటికే పోతిమి. 1914లో ఆరంభమై 1924 డిసెంబరు 25న ప్రారంభోత్సవము జరిగిన ఆలయమది. పొడవు 200 అడుగులు, వెడల్పు 100. అవి కరవుదినములు. పాస్నెట్ అను పాదరి ఆకలిగొన్నవారికి ఊరక పెట్టుటకు బదులు రాళ్లమోతలో పని కల్పించి కూడుపెట్టెనట. లోపలి నేలను పరచుటకు ఇటలీ పనివారు వచ్చిరని చెప్పుదురు. ఇటలీ నన్నిట్లు మెదకులో కలిసికొనెను! సాలిస్‌బరీ అను ఆంగ్ల చిత్రకారుని రంగుటద్దముల కిటికీలు పగటివెలుతురులోనే ప్రకాశించును గాన ప్రొద్దుండగనే చూడవలెను. ఆ యద్దములకంటె నన్ను కదల్చినది గోడలోని రాయి. కోటలోని కొట్లు ఎవరి మెతుకులను దాచెనో తెలియదు. ఈ రాళ్లు మాత్రము మోసినవారి కంచములోనికి మెతుకులై వచ్చినవి. వారిలో స్త్రీలెందరో! ఒక్కరి పేరైన మన కెరుక లేదు.

మధ్యాహ్నమునకు ఏడుపాయలు చేరితిమి. అచ్చట మంజీర యేడు పాయలై చీలి పారును. వానకాలమున ఘనపురము ఆనకట్ట పొంగిన గుడిచుట్టు నీరు క్రమ్మి దర్శనము నిలిచిపోవును గాన, పోదలచినవారు కార్తీకముమొదలు మాఘమువరకు పోవుట మేలు. మరియొక మాట. దారిలో వసతియుండునో లేదో యని నీరు త్రాగక ప్రయాణముచేయుట మన స్త్రీలకు వ్రతమువలె నలవడినది. అది మానుడు. బస్సు స్థలమున దిగగానే విచారించుకొని, కడుపునిండ నీరు త్రాగి మరి గుట్టయెక్కుడు.

అమ్మవారి యెదుట నాకు నోరాగలేదు. "అత్తమ్మా, నేను మ్రొక్కుకొనలేదు, కోటకే తెచ్చితిని" అంటిని.

"బస్సులనే ఎరుకైంది బిడ్డా. మొక్కుకు పోయేటోళ్లు ఇంట్ల కొబ్బరికాయ మరుస్తరా?"

ఇప్పుడు రాత్రులందు మోకాళ్లకు నువ్వులనూనె రాయించుకొనుచు, భువనగిరి గుట్ట యంతయు నొకటే బండయట గదా, దానికి పట్టుకొని యెక్కుటకు గోడ యున్నదా యని యడుగుచున్నారు.