బండి లాగుతుంది సరే, ఆగుతుందా?

అమెరికాలో కాంట్రాక్టు ఉద్యోగాలు చేసేవాడికి ఊరు మారడం కొత్తేమీ కాదు. ప్రాజెక్టు ఎక్కడుంటే కాపురం అక్కడే. పెళ్ళికి ముందయితే రెండు సూట్‌కేసులు, ఒక రైస్ కుక్కరు, ఒక కంప్యూటరు కార్లో పడేసి సాయంత్రానికల్లా రాష్ట్రం మారిపోయేవాణ్ణి. 2022 ఆగస్టులో న్యూజెర్సీ నుంచి డాలస్‌కి మారాల్సి వచ్చేసరికి మాత్రం మేం ముగ్గురం. మా ఆవిడ, నాలుగేళ్ళ పాప, ఏడేళ్ళుగా పోగుపడ్డ సామాను. మూవర్లు చెప్పిన ధర విని, మంచాలూ సోఫాలూ అయినకాడికి అమ్మేశాం. మిగిలిన వాటిని నాలుగడుగుల వెడల్పు, ఎనిమిదడుగుల పొడవు ఉండే అద్దె ట్రెయిలర్లో సర్ది, మా చిన్న ఎస్‌యూవీకి తగిలించుకుని పోదామని నిర్ణయించాం. దూరం దాదాపు 1,500 మైళ్ళు.

ఈ ఆలోచన నాది కాదు, ఒక మిత్రుడిది. "గురూ, పోయినేడు నేను ఇదే కారుతో అట్లాంటా వెళ్ళాను. హిచ్ బిగించుకో, పద. ఏమీ కాదు," అన్నాడు. మన వృత్తిలో ఇలాంటి మాట రోజూ వింటూనే ఉంటాం. "నా మెషీన్ మీద బ్రహ్మాండంగా పనిచేస్తోంది" అన్న డెవలపరు మాటని ఆఫీసులో ఎవరూ నమ్మరు. నేనూ నమ్మను. కానీ కారు విషయంలో వెంటనే నమ్మేశాను.

అలాగని అశ్రద్ధగా బయల్దేరలేదు. నా దృష్టిలో కారుని చాలా బాగా సిద్ధం చేశాను. మా కారుకి సరిపోయే రిసీవర్ హిచ్‌ని హిచ్‌లు బిగించే షాపులో పెట్టించాను. లైట్ల కోసం నాలుగు తీగల కనెక్టరు వేయించాను. గోధుమరంగు తీగ టెయిల్ లైట్లకి, పసుపు ఎడమవైపు సిగ్నలుకీ బ్రేకు లైటుకీ, ఆకుపచ్చ కుడివైపుకి, తెలుపు గ్రౌండుకి. మా కారులో సిగ్నలు లైటు వేరు, బ్రేకు లైటు వేరు. ట్రెయిలర్లో రెండూ ఒకటే. అందుకని మధ్యలో ఒక కన్వర్టరు కావాలి. ఇది మనకి బాగా తెలిసిన పనే: రెండు పాత సిస్టమ్‌ల మధ్య అడాప్టర్ రాయడం లాంటిది. ట్రాన్స్‌మిషన్ ఆయిల్ మార్పించాను. టైర్లలో గాలి, బ్రేకు ప్యాడ్లు చూపించాను. ఖాళీగా ఉన్న పార్కింగ్ లాట్‌లో గంటసేపు రివర్సు నేర్చుకున్నాను. స్టీరింగుని కిందిభాగంలో పట్టుకుంటే చెయ్యి ఎటు తిప్పితే ట్రెయిలర్ అటు పోతుందన్న చిట్కా అక్కడే తెలిసింది. అద్దె కౌంటర్‌లో అబ్బాయి హిచ్, గొలుసులు, లైట్లు చూసి అన్నీ బాగున్నాయన్నాడు.

చెయ్యనిది ఒక్కటే. సామానుని తూకం వెయ్యలేదు.

శుక్రవారం తెల్లవారుజామున బయల్దేరాం. ఐ-78 మీద పెన్సిల్వేనియాలో ఒక పెద్ద ట్రక్కు మమ్మల్ని దాటుకుంటూ వెళ్ళింది. అది లేపిన గాలికి ట్రెయిలర్ ఒకసారి కుడికి, ఒకసారి ఎడమకి ఊగింది. ఆగలేదు. ఊపు పెరిగింది. దాంతోపాటు కారు వెనకభాగం కూడా ఊగడం మొదలైంది. "ఏవండీ, వెనకాల ఏమిటండీ అది?" అని మా ఆవిడ అరిచింది. నేను బ్రేకు తొక్కలేదు. తెలిసి కాదు, భయంతో కాళ్ళు ఆడక. యాక్సిలరేటర్ మీద నుంచి పాదం జారింది, రోడ్డు కొంచెం ఎగువకి ఉంది, వేగం దానంతటదే పడిపోయి ట్రెయిలర్ సర్దుకుంది. ఆ పరిస్థితిలో చెయ్యవలసింది సరిగ్గా అదేనని తరవాత చదువుకున్నాను: స్టీరింగు తిన్నగా పట్టుకుని, యాక్సిలరేటర్ వదిలెయ్యాలి, గట్టిగా బ్రేకు వెయ్యకూడదు. పాప నిద్రలోనే ఉంది. అప్పటి మా వేగం 65 మైళ్ళు. 55 దాటవద్దని ట్రెయిలర్ మీద పెద్ద అక్షరాలతో రాసే ఉంది.

అక్కణ్ణుంచి నెమ్మదిగా నడుపుకుంటూ కార్లైల్ దాకా వచ్చాం. ఐ-81 పక్కన ట్రక్ స్టాప్‌లు వరసగా ఉన్న ఊరది. పెద్ద ట్రక్కుల కోసం అక్కడ తూకం యంత్రాలుంటాయి. మనలాంటి వాళ్ళు కూడా కొద్దిపాటి డబ్బు కట్టి తూయించుకోవచ్చు. ముందుచక్రాల మీద ఎంత, వెనకచక్రాల మీద ఎంత, ట్రెయిలర్ చక్రాల మీద ఎంత అని విడివిడిగా కాగితం ఇస్తారు. మొదట ట్రెయిలర్‌తో కలిపి తూయించాను. తరవాత ట్రెయిలర్ విప్పి పక్కన పెట్టి, కారు ఒక్కదాన్నీ తూయించాను.

కలిపి తూస్తే 6,080 పౌన్లు. కారు ఒక్కటే 4,140. అంటే ట్రెయిలర్ బరువు 1,940. కారు మాన్యువల్ ప్రకారం అది లాగగలిగేది 1,500. ఖాళీ ట్రెయిలరే సుమారు 850 పౌన్లుంటుంది కాబట్టి, అసలు నేను వెయ్యదగ్గ సామాను 650 పౌన్లు. ఒక మనిషి పట్టేంత పుస్తకాల పెట్టె 40 పౌన్లు తూగుతుంది. 16 పెట్టెలతో ఆ లెక్క పూర్తయిపోతుంది. నేను ట్రెయిలర్లో చోటు ఎంతుందో చూసుకుని నింపాను గానీ, బరువు ఎంతయిందో చూసుకోలేదు. అద్దె ట్రెయిలర్ ఇంతకంటే చాలా ఎక్కువ మోస్తుంది. కానీ ట్రెయిలర్ మోసేదీ, మన కారు లాగేదీ వేరు వేరు లెక్కలు.

రెండో సంఖ్య ఇంకా భయపెట్టింది. ట్రెయిలర్ తగిలించినప్పుడు కారు చక్రాల మీద పడ్డ బరువు 4,220. కారు ఒక్కటే ఉన్నప్పుడు 4,140. తేడా 80. ట్రెయిలర్ ముందుభాగం హిచ్ మీద మోపే బరువన్నమాట. దాన్నే టంగ్ వెయిట్ అంటారు. ట్రెయిలర్ మొత్తం బరువులో అది 10 నుంచి 15 శాతం ఉండాలి. నాది నాలుగు శాతం. కారణం నేను సర్దిన తీరే. తేలికైన పరుపులు, బట్టల మూటలు ముందు లోపలికి తోసి, బరువైన పుస్తకాల పెట్టెలు చివర్లో తలుపు దగ్గర పేర్చాను. వెనక బరువెక్కిన ట్రెయిలర్ ఊగుతుంది.

ఆ కాగితం చేతిలో పట్టుకుని నిలబడితే మా తాతయ్య గుర్తొచ్చారు. ఆయనకి ఎడ్లబండి ఉండేది. ధాన్యం బస్తాలు వేసేటప్పుడు మధ్యమధ్యలో ఆపి, బండి ముందుభాగాన్ని చేత్తో ఎత్తి చూసేవారు. వెనకబరువైతే కాడి పైకి లేచి ఎడ్ల గొంతుకి పలుపు బిగుస్తుంది. ముందుబరువు మరీ ఎక్కువైతే మెడలు పుండవుతాయి. అందుకని ఒక బస్తా ముందుకి జరిపించి, మళ్ళీ ఎత్తి చూసేవారు. ఆయన టంగ్ వెయిట్ అన్న మాట వినలేదు. కంప్యూటర్ సైన్సులో మాస్టర్స్ చేసిన మనవడికి మాత్రం ఈ ముక్క తెలియడానికి పెన్సిల్వేనియాలో ట్రక్ స్టాప్ దాకా రావాల్సి వచ్చింది.

ఇక్కడ చాలామంది అడిగే ప్రశ్న ఒకటుంది. "నూట తొంభై హార్స్ పవర్ ఇంజనుండగా 1,500 పౌన్లేనా? ఇలాంటి కార్లే ఇంగ్లండులో 1,500 కిలోలు లాగుతున్నాయి కదా! కంపెనీల వాళ్ళు లాయర్లకి భయపడి తక్కువ చెబుతారు." నేనూ కొన్నాళ్ళు ఈ వాదన నమ్మాను. కానీ ఇంగ్లండు లెక్కలో ఒక షరతుంది. ఆ పెద్ద సంఖ్య సొంత బ్రేకులున్న ట్రెయిలర్లకి. బ్రేకుల్లేని ట్రెయిలర్‌కి అక్కడి చట్టం ఒప్పుకునేది 750 కిలోలు, లేదా కారు బరువులో సగం, ఏది తక్కువైతే అది. మన 1,500 పౌన్లంటే 680 కిలోలు. రెండూ ఇంచుమించు ఒకటే! నేను అద్దెకి తీసుకున్నలాంటి చిన్న ట్రెయిలర్లకి బ్రేకులుండవు. ఆపే భారమంతా కారు బ్రేకులదే. పైగా ట్రెయిలర్ లాగేటప్పుడు అక్కడ మోటర్‌వే మీద కూడా 60 మైళ్ళు దాటకూడదు. ఇక్కడ కాలిఫోర్నియాలో 55. గతిశక్తి వేగం వర్గాన్ని బట్టి పెరుగుతుందని పదో తరగతిలో చదువుకున్నదే. 55 నుంచి 65కి వెళితే ఆపవలసిన శక్తి 40 శాతం పెరుగుతుంది. బండి లాగడం ఇంజను పని, ఆగడం బ్రేకుల పని. మనం మొదటిదాని గురించే మాట్లాడతాం.

లాగే సామర్థ్యమన్నది ఒంటరి సంఖ్య కాదు. దాని వెనక షరతులుంటాయి. అమెరికాలో చాలా కంపెనీలు పాటించే జె2807 అన్న పరీక్షాప్రమాణంలో కార్లో ఉండేది డ్రైవరు, ఇంకొక మనిషి. ఒక్కొక్కరు 150 పౌన్లని లెక్క. పాప, కారు సీటు, ఊరగాయ జాడీలు అందులో లేవు. వాటి లెక్క డ్రైవరు తలుపు తెరిస్తే కనిపించే స్టిక్కర్ మీద ఉంటుంది: మనుషులు, సామాను కలిపి ఇంతకి మించరాదని. మా కారుకి అది 850. మేం ముగ్గురం 340, పాప సీటు 15, హిచ్ 35. ట్రెయిలర్ 1,500 ఉంటే టంగ్ వెయిట్ కనీసం 150. అదీ ఈ 850లోంచే పోతుంది. మొత్తం 540. ఇక కార్లో పెట్టుకోదగిన సామాను 310 పౌన్లు. ఈ సంఖ్యలన్నిట్లో ఏది ముందు నిండితే అదే మన హద్దు. సర్వర్లో ప్రాసెసరు ఖాళీగానే ఉన్నా మెమరీ నిండితే సిస్టమ్ పడిపోతుందని మనకి ఎవరూ చెప్పక్కర్లేదు. లోడ్ టెస్టు లేకుండా ఒక చిన్న వెబ్ సైటుని కూడా ప్రొడక్షన్‌కి పంపం. అలాంటి వాళ్ళం పెళ్ళాం పిల్లల్ని ఎక్కించుకుని, ఎంత బరువుందో తెలియని బండితో హైవే ఎక్కుతున్నాం.

ఆ మధ్యాహ్నం కార్లైల్ పోస్టాఫీసుకి వెళ్ళాం. పుస్తకాలకి మీడియా మెయిల్ అని చవక టపా ఉంది. పెట్టె 70 పౌన్లు మించకూడదు, పుస్తకాల్లాంటి, ఆ టపాకి అనుమతించినవి తప్ప ఇంకేమీ ఉండకూడదు. పన్నెండు పెట్టెలు, 480 పౌన్లు, డాలస్‌లో మిత్రుడి చిరునామాకి పంపించాం. విజయవాడ పుస్తకాల పండగలో కొన్న నవలలు, ఎప్పుడో చదివిన అల్గారిదమ్స్ పుస్తకాలు, అన్నీ. తరవాత ట్రెయిలర్ మొత్తం ఖాళీ చేసి మళ్ళీ సర్దాం. అరవై శాతం బరువు ముందుసగంలో ఉండేలా గ్రైండరు, వంటపాత్రలు ముందుకి, పరుపులు వెనక్కి. మళ్ళీ తూయించాను. ట్రెయిలర్ 1,460, టంగ్ వెయిట్ 160. అప్పటికి సాయంత్రం ఆరయింది. ఆ రాత్రి అక్కడే మోటెల్లో పడుకున్నాం.

మర్నాటి నుంచి 55 దాటలేదు. షెనండోవా లోయ, నాక్స్‌విల్ తరవాత కంబర్లాండ్ పీఠభూమి ఎక్కే ఘాటు, మెంఫిస్ దగ్గర మిసిసిపీ నది, అన్నీ నెమ్మదిగా చూస్తూ వెళ్ళాం. ఎన్ని ట్రక్కులు దాటుకుపోయినా ట్రెయిలర్ మళ్ళీ ఊగలేదు. పుస్తకాలు మా తరవాత వారానికి చేరాయి.

చిన్న ఎస్‌యూవీతో ట్రెయిలర్ లాగడం తప్పని నేననను. మేం లాగాం, బాగానే చేరాం. కానీ కారుని సిద్ధం చెయ్యడమంటే హిచ్, వైర్లు, ఆయిలు మాత్రమే అనుకోవడం తప్పు. ముందు సిద్ధం చెయ్యవలసింది సామానుని. బాత్‌రూం తూకం మీద పెట్టె పెట్టెనీ తూచి, స్ప్రెడ్‌షీట్‌లో రాసుకోండి. మొత్తం మించితే వదిలేసేదేదో ఇంట్లోనే తేల్చుకోండి. బయల్దేరిన రోజు మొదటి ట్రక్ స్టాప్‌లో తూయించండి. యాభై మైళ్ళ తరవాత ఆగి హిచ్, గొలుసులు, చక్రాల నట్లు చూసుకోండి. అద్దె కౌంటర్ వాళ్ళు బరువు చూడరు, అది మన పనే.

మొన్న ఆఫీసులో ఒక తమ్ముడు వచ్చాడు. ఫీనిక్స్‌లో ప్రాజెక్టట, వచ్చే నెలలో వెళ్ళాలట. "అన్నా, మీరు ఇదే కారుతో న్యూజెర్సీ నుంచి వచ్చారట కదా, ఏం కాలేదు కదా?" అని అడిగాడు. ఏం కాలేదు అని నేనూ చెప్పవచ్చు, అది అబద్ధం కాదు. కార్లో దాచుకున్న ఆ తూకం కాగితం తెచ్చి చూపించి, "నీ సామాను ఎంత బరువుందో చూసుకునిరా, తరవాత మాట్లాడదాం," అన్నాను.