నాన్నకో చెక్క పటం

జూన్ మూడో ఆదివారం వస్తోందంటే తండ్రుల దినోత్సవం పేరిట బజారు నిండా కార్డులు, కానుకలు బారులు తీరుతాయి. ఈ దినానికి బీజం పడింది మాత్రం చర్చిలోనే. 1909లో అమెరికాలోని స్పొకేన్ పట్టణంలో మాతృ దినోత్సవ ప్రసంగం వింటున్న సొనోరా స్మార్ట్ డాడ్ అనే స్త్రీకి, తల్లి చనిపోయాక ఆరుగురు పిల్లల్ని పెంచిన తన తండ్రి గుర్తొచ్చాడు. ఆమె పట్టుదల వల్ల 1910 జూన్ 19న అక్కడ తండ్రుల దినం జరిగింది.

మా సంఘంలోని ఒక యువకుడు కిందటేడు బజారుకు వెళ్ళలేదు. పాత ఇల్లు విప్పినప్పుడు మిగిలిన టేకు తలుపులోంచి జానెడు చెక్క కోయించి, గరుకు కాగితంతో నున్నగా రుద్దాడు. ఫోటో ఎంచుకోవడానికి ట్రంకు పెట్టె దించి తండ్రీకొడుకులు రెండు సాయంత్రాలు కూర్చున్నారట. ఆ ఫోటోను అద్దంలో బొమ్మలా కుడిఎడమలు మార్చి లేజర్ ప్రింటు తీయించాడు. చిత్రకారులు వాడే అక్రిలిక్ జెల్ చెక్కకు పూసి, బొమ్మ కిందికి ఉండేలా కాగితం అంటించి రాత్రంతా ఆరనిచ్చాడు. మర్నాడు దాన్ని తడిపి వేలికొసలతో మెల్లగా రుద్దితే కాగితం ఊడింది, బొమ్మ చెక్క మీద నిలిచింది. చివర పలుచగా వార్నిష్ పూశాడు. "అయ్యగారూ, మొదటిసారి తొందరపడ్డాను. కాగితంతోపాటు నాన్న ముఖమూ లేచిపోయింది. మళ్ళీ చేశాను" అన్నాడు.

ఆ మాట మమ్మల్ని గుచ్చింది. మా నాన్నగారు పోయినప్పుడు సమాధి కూడికలో పెట్టడానికి ఆయన ఒక్కరే ఉన్న ఫోటో మా దగ్గర లేదు. ఒక పెళ్ళి ఫోటోలోంచి కత్తిరించి పెద్దది చేయించాం. పక్కనున్నవారి భుజం ఇప్పటికీ ఆ పటంలో ఉంది. చివరి ఏళ్ళలో ఆయన "ఈ వారం వస్తావా నాయనా?" అని అడిగినప్పుడల్లా సేవలో తీరిక లేదనే చెప్పాం. కూటాలకు వెళ్ళాం, ఊరూరా ప్రసంగించాం. నాన్న దగ్గరికే వెళ్ళలేకపోయాం.

ప్రభువు ఖండించిన కొర్బాను ఇదే కదా! (మార్కు 7:9-13). తల్లిదండ్రులకు అందవలసిన దాన్ని దేవునికి అర్పితమని చెప్పి తప్పించుకునే ఆచారం అది. ఆనాడు సొమ్ము కొర్బాను అయింది, ఈనాడు సమయం కొర్బాను అవుతోంది. దేవుని పేరు చెప్పి నాన్నకు ఎగవేసిన సమయాన్ని దేవుడు కానుకగా స్వీకరిస్తాడని మేము అనుకోవడం లేదు.

బైబిలు చేతిపనిని చిన్నచూపు చూడదు. దేవుడు బెసలేలును తన ఆత్మతో నింపింది చెక్క పని కోసం కూడా (నిర్గమ 31:1-5). మందసాన్ని తుమ్మకర్రతోనే చేశారు. మన ప్రభువు వడ్లవాని ఇంట పెరిగాడు, తానూ వడ్లవాడనిపించుకున్నాడు (మత్తయి 13:55, మార్కు 6:3). ఆ చేతుల్లో మేకులు దిగిన వేళ కూడా తల్లిని శిష్యునికి అప్పగించడం మరువలేదు (యోహాను 19:26-27).

అయితే చెక్క పటం ఇస్తే బాధ్యత తీరిపోదు. పటాన్ని గోడకు తగిలించి, నాన్న మందుల చీటీ ఎక్కడుందో తెలియకుండా బతికితే అదీ కొర్బానే. ఆ యువకుని కానుకలో విలువైనది చెక్క కాదు, ట్రంకు పెట్టె ముందు గడిచిన ఆ రెండు సాయంత్రాలు. పటం చేతికిచ్చినప్పుడు ఆ తండ్రి దాన్ని వెనక్కి తిప్పి, "ఇది మీ తాత చేయించిన తలుపు కదరా!" అంటూ కళ్ళు తుడుచుకున్నాడట.

మన ఇళ్ళలో చాలామంది నాన్నల ఫోటోకు ఫ్రేము కట్టించేది వారు కన్నుమూశాకే. తండ్రిని సన్మానించమన్న ఆజ్ఞ వాగ్దానంతో కూడినది (ఎఫెసీ 6:2). అది సమాధి దగ్గర నెరవేర్చేది కాదు, నాన్న బతికుండగా నెరవేర్చవలసినది. మాకు ఆ అవకాశం దాటిపోయింది. మీ నాన్న ఇంకా ఉంటే, ఈ ఆదివారం ఆరాధన ముగియగానే ఆయన దగ్గరికి వెళ్ళండి. పాత ఫోటోలు ముందు పెట్టుకుని, ఆయన చెప్పేది వినండి. చెక్క సంగతి తర్వాత చూడవచ్చు.