అచ్చుగుద్దిన పోలిక కళ యగునా?

2020వ సంవత్సరమున కర్ణాటకములోని కొప్పళ పట్టణమున ఒక గృహప్రవేశము జరిగినది. అంతకు మూడేండ్ల క్రితము ప్రమాదములో మరణించిన గృహిణి ఆనాడు పట్టుచీరతో, నగలతో, చిరునవ్వుతో క్రొత్త యింటి సోఫాపై కూర్చుండి యుండుట చూచి బంధువులు విస్తుపోయిరి. అది భర్త చేయించిన సిలికోను విగ్రహము. 2022లో మన తెలంగాణమున జరిగిన ఒక వివాహమునకు, కోవిడు వాతబడిన తండ్రి మైనపు విగ్రహమై వచ్చెను. సోదరి కొరకు సోదరుడు చేయించిన కానుక అది. ఆ విగ్రహము చెంత ఇంటివారందరు కన్నీరు పెట్టుకొనిరి.

ఇట్టి విగ్రహములను గూర్చి రెండు మాటలు వినబడుచున్నవి. 'ప్రాణమొక్కటే తక్కువ, ఇంతకు మించిన కళ యేమున్నది?' అని కొందరందురు. 'ఇది బట్టలకొట్టు ముందు నిలువబెట్టు బొమ్మకు అన్న వంటిది, కళ యెట్లగును?' అని మరికొందరందురు. మొదటివారు పోలికయే కళ యని తలచుచున్నారు. రెండవవారు పోలిక యున్నచో కళ ఉండజాలదని తలచుచున్నారు. విచారించి చూచినచో ఇరువురి తీర్పును తొందరపాటే.

ఇది నగరములలోని పండితులు మాత్రమే తేల్చుకొనవలసిన వివాదము కాదు. విజయవాడ రహదారిపై నున్న చౌటుప్పల్ ప్రాంతపు బడిపిల్లలు విహారయాత్రకు బయలుదేరినచో, ఒకనాడు యాదగిరిగుట్ట చెంత కుందా సత్యనారాయణగారు తమ కుమారుని పేరిట నెలకొల్పిన సురేంద్రపురికి పోయి, రంగులు దిద్దిన పురాణ పురుషుల నడుమ తిరుగుదురు. మరియొకనాడు హైదరాబాదునకు పోయి శిల్పారామములో నిలువెత్తు కుమ్మరిని, సాలెను చూతురు. సాలార్ జంగ్ మ్యూజియములో మేలిముసుగు రెబెకా యెదుట నిలుతురు. 'సార్, వీటిలో ఏది గొప్పది?' అని పిల్లవాడు అడిగినప్పుడు ఉపాధ్యాయుడిచ్చు సమాధానము వాని రుచిని చిరకాలము శాసించును. కావున సమాధానము సరియైనది కావలెను.

మన పూర్వులు పోలికను తృణీకరింపలేదు. కామసూత్రములకు వ్యాఖ్య రచించిన యశోధరుడు చిత్రకళకు ఆరంగములు చెప్పెను. రూపభేదము, ప్రమాణము, భావము, లావణ్యయోజనము, సాదృశ్యము, వర్ణికాభంగము అనునవి అవి. సాదృశ్యమనగా పోలికయే. దానిని లెక్కలో చేర్చుటయు, ఆరింటిలో ఒకటిగా మాత్రమే చేర్చుటయు రెండును గమనింపదగినవి. చేయి దేహమున అంగమే గాని, చేయియే దేహము కాదు గదా!

ఈ విషయమును భాసమహాకవి ప్రతిమా నాటకమున కన్నులకు కట్టించెను. మేనమామ యింటి నుండి మరలివచ్చుచున్న భరతుడు అయోధ్య వెలుపల ప్రతిమాగృహమును ప్రవేశించును. మొదట ఆ రాతి విగ్రహముల పనితనమునకు అచ్చెరువొందును. ఏ దేవతలో యని నమస్కరింపబోవును. అవి గతించిన ఇక్ష్వాకు రాజుల ప్రతిమలని అచ్చటి పూజారి చెప్పును. దిలీపుడు, రఘువు, అజుడు, వారి పిదప దశరథుడు! బ్రతికి యున్నవారి ప్రతిమలను అచ్చట నిలుపరని తెలిసిన క్షణమున భరతుడు మూర్ఛిల్లును. తొలుత అతడు మెచ్చుకొన్నది శిల్పిని. పిదప కుప్పకూలినది తండ్రి కొరకు. ఈ రెండింటిని వేరుచేసి చూడగలిగినచో నేటి వివాదము సగము తీరును. పెండ్లిమండపములో కన్నీరు పెట్టించినది తండ్రి జ్ఞాపకము. దానిని మేల్కొల్పినది మైనపు పోత. పాత ఫోటో యొకటి, తండ్రి వాడిన కండ్లజోడు యొకటి అంతపనియు చేయగలవు. ఆ కన్నీరు పవిత్రము. దానిని ఎగతాళి చేయువాడు మనిషి కాడు. కాని కన్నీరు వచ్చినదని కండ్లజోడును కళాఖండ మనము.

పాశ్చాత్య దేశములలో ఈ తగవు క్రొత్తది కాదు. 1877లో ఫ్రెంచి శిల్పి రోడా 'కంచుయుగము' అను నగ్నపురుష విగ్రహమును ప్రదర్శింపగా, సజీవుడైన మనిషి ఒంటిమీదనే అచ్చు తీసి పోసినాడని కొందరు నిందించిరి. ఆ నిందను బాపుకొనుటకు అతడు తన నమూనా పురుషుని ఛాయాచిత్రములను సాక్ష్యముగా చూపవలసి వచ్చెను. అచ్చు తీయుట శిల్పికి అపకీర్తి యని ఆనాటి నమ్మకము. 1881లో దెగా మైనముతో బాలనర్తకిని రూపించి, దానికి నిజమైన జుట్టును, బట్టను తొడుగగా, అది మ్యూజియములో దాచు నమూనా వలె నున్నదని కొందరు విమర్శకులు ముఖము చిట్లించిరి. నేడు ఆ రెండును శిల్పచరిత్రలో మకుటములు.

నిందలో కొంత కారణము లేకపోలేదు. 1835 నాటికే లండనులో మదాం టుస్సో మైనపు బొమ్మల ప్రదర్శనశాల స్థిరపడి యున్నది. ఆ పరంపరయే నేడు మన నటుల దాకా వచ్చినది. 2017లో ప్రభాస్ బొమ్మను బాంకాకులో నిలిపిరి. 2019లో మహేశ్‌బాబు బొమ్మను హైదరాబాదునకు తెచ్చి అభిమానులకు చూపిరి. ఆ బొమ్మ భుజముపై చేయి వేసి ఫోటో తీయించుకొన్నవారిలో దానిని చేసిన శిల్పి పేరు అడిగినవారు ఎందరు? అడుగకపోవుట వారి తప్పు కాదు. తాను కనబడకుండుటయే ఆ పనివాని విజయము. అది సాధారణ నైపుణ్యము కాదు. వెండ్రుకను వెండ్రుకగా నాటుటకు, చర్మపు ముడుతను, సన్నని నరమును దిద్దుటకు నెలల తరబడి ఓర్పు కావలెను. ఆ ఓర్పునకు గౌరవము చెల్లింపవలసినదే. అయినను శ్రమ యెంత పెద్దదైనను, అది దేని కొరకు అను ప్రశ్న మిగిలియే యుండును.

అదే సామగ్రితో, అదే పనితనముతో వేరొక దారి త్రొక్కినవారును గలరు. అమెరికా శిల్పి డువేన్ హాన్సన్ (1925-1996) బ్రతికియున్న మనుష్యుల ఒంటి నుండియే అచ్చులు తీసి, ఫైబరు గ్లాసుతో పోసి, నిజమైన బట్టలు తొడిగెను. కాని అతడు ఎన్నుకొన్నది రాజులను, నటులను కాదు. 1970 నాటి అతని విగ్రహములలో ఒకటి, తలకు జుట్టుచుట్టలు బిగించుకొని, నోట సిగరెట్టుతో, సరకులతో పొంగిపొరలు బండిని త్రోయుచున్న గృహిణి. వీథిలో ఆమె ఎదురైనచో ఎవ్వరును రెండవసారి చూడరు. ప్రదర్శనశాలలో నిలిచి చూచి, కొనుగోలుకు బానిసయైన ఒక నాగరికతను గూర్చి ఆలోచింతురు. ఆస్ట్రేలియాలో పుట్టిన రాన్ మ్యూయెక్ 1996-97లో మరణించిన తన తండ్రిని సిలికోనుతో రూపించెను. ప్రతి రోమము, ప్రతి మడత యథాతథము. కాని పరిమాణము మాత్రము నిజమైన మనిషిలో మూడింట రెండువంతులే. నేలపై నగ్నముగా పరుండిన ఆ చిన్ని దేహమును వంగి చూచువానికి, మృత్యువు ఎంతటి తండ్రినైనను ఎట్లు కుదించివేయునో తెలియును. పోలికను నూటికి నూరుపాళ్లు సాధించి, ఒక్క కొలతలో దానిని కావలెనని తప్పినందుననే అది కళ యైనది.

కొప్పళ విగ్రహమును ఈ విగ్రహమును రెండును ఆప్తుల మరణము నుండి పుట్టినవే. మొదటిది మరణమును మరపింపజూచినది. రెండవది మరణమును చూపినది. మొదటిది ఒక్క కుటుంబమునకు ఓదార్పు. రెండవది ఆ తండ్రిని ఎన్నడును ఎరుగనివారికిని సొంతము. భేదమంతయు ఇచ్చటనే యున్నది.

ఇక మన రెబెకాను చూతము. బెంజోని అను ఇటలీ శిల్పి చెక్కిన ఈ పాలరాతి విగ్రహమును మొదటి సాలార్ జంగు 1876లో ఇటలీలో కొని తెచ్చెను. ముఖముపై పలుచని ముసుగు. ముసుగు లోపల సిగ్గుతో వాలిన కన్నులు. చూచువాడు అది రాయి యని ఒక్క క్షణమైనను మరువడు. మరువకయే బట్టను చూచును. రాయి రాయిగా తెలియుచుండగనే వస్త్రమగుట ఇందలి ఆనందము. మైనపు బొమ్మ ఆనందము వేరు. అది మైనమని తెలియనంతసేపే దాని మహిమ. తెలిసిన పిమ్మట 'అబ్బ, ఎంత మోసపోతిమి!' అని నవ్వి ముందుకు సాగుదుము. భ్రాంతి తీరిన తరువాత కూడ కాలు కదలనీయనిది ఏదో అదియే కళ.

దూరదేశపు ఉదాహరణలతో తృప్తిపడనక్కరలేదు. 1956లో సూర్యాపేటలో, అనగా నాటి నల్లగొండ జిల్లాలోనే, జన్మించిన శిల్పి జి. రవీందర్ రెడ్డిగారు కూడ హాన్సన్ వాడిన ఫైబరు గ్లాసునే వాడిరి. కాని ఆయన చేసిన తెలుగు స్త్రీల తలలు ఏ ఒక్క స్త్రీకిని అచ్చు కావు. మనిషిని మించిన పరిమాణము, బంగారు పూత, రెప్పవాల్చని పెద్దకన్నులు, ఎర్రని పెదవులు, కొప్పున పూలదండలు! అట్టి ముఖము లోకమున ఎచ్చటను లేదు. అయినను సంతకు పోవు మన పల్లెపడుచును, గుడిలోని అమ్మవారిని ఒకేసారి చూచినట్లుండును. ఆయన శిల్పమున పోలిక లేదనుట పొరపాటు. ఒక్క మనిషి పోలిక లేదు, ఒక జాతి పోలిక యున్నది.

మన గ్రామములలోని వీరగల్లులును ఇట్టివే. కత్తి పట్టి నిలిచిన ఆ వీరుని ముక్కు తీరు ఎట్టిదో ఎవరికిని తెలియదు. అయినను వాని మరణము శతాబ్దములుగా నిలిచియున్నది. అమరావతి శిల్పులు ఎన్నో ఫలకములలో బుద్ధుని రూపమే చెక్కక, శూన్యాసనమును, పాదముద్రలను చెక్కిరి. లేనివానిని లేనట్లుగనే చూపి వాని సన్నిధిని కల్పించుట వారి ఘనత. కూడలిలోని అంబేద్కరు విగ్రహమున ముఖము కొంత తప్పినను, నీలికోటు, చేతి పుస్తకము, చాచిన వ్రేలు చూచి పసిపిల్లవాడైనను పేరు చెప్పును. ముఖము సరిగా కుదరలేదని ఊరివారు పట్టుబట్టుటయు న్యాయమే. ఎరిగిన మనిషిని నిలుపునప్పుడు పోలిక శిల్పి తీర్చవలసిన ఋణము. ఋణము తీర్చుట ధర్మమే గాని దానము కాదు.

మరియొక మాట. నేడు యంత్రము మనిషిని నలువైపుల నుండి కొలిచి, ఆ కొలతలతోనే బొమ్మను పోయగలదు. పోలికయే కళ యైనచో ఆ యంత్రమునే మహాశిల్పి యనవలసి వచ్చును. యంత్రమునకు చేతకానిది ఒకటున్నది. అది దేనిని ఉంచవలెనో, దేనిని విడువవలెనో, ఎందులకో నిర్ణయించుకొనుట. పుట్టపాక, కొయ్యలగూడెము మగ్గములపై నేసిన బట్టలో రంగు అంచులు కొంచెము చెదరి అల్లుకొని యుండును. అచ్చువేసిన బట్టలో గీత తిన్నగా నుండును. అయినను ఎరిగినవారు మొదటిదానికే విలువ కట్టుదురు.

కావున సజీవప్రాయమైన విగ్రహము కళ యగునా యను ప్రశ్నకు, కావచ్చును, అయితే పోలిక వలన కాదు అని సమాధానము. బడిలో చిత్రలేఖనపు పోటీ జరిగినప్పుడు 'అచ్చము ఫోటో వలె నున్నది' అని మొదటి బహుమతి నిచ్చు అలవాటు మన పాఠశాలలలో నున్నది. ఉపాధ్యాయులు ఆ బహుమతిని మానుకొననక్కరలేదు. చేతి నేర్పు పిల్లలకు అవసరమే. కాని దాని ప్రక్కన మరియొక బహుమతి యుండవలెను. తన అవ్వను గీయుచు, ముఖము సరిగా కుదరకున్నను, ఆమె చేతివ్రేళ్లను మాత్రము పెద్దవిగా, ముడుతలతో గీసిన పిల్ల యొకతె ఏ తరగతిలోనైనను ఉండును. 'వ్రేళ్లు ఇంత పెద్దవేల?' అని అడిగి, ఆ పిల్ల చెప్పు సమాధానము విని, ఆ బహుమతిని ఆమెకు ఇచ్చుట మంచిది.