అక్షింతల పురుగును దగ్గఱనుండి చూడవలెను

గత పుష్యమాసమున ఒకనాటి ఉదయము నాగాయలంక చేరువనున్న నా మినుముచేనికి పోతిని. గట్టుప్రక్కనున్న అలసందతీగెలపై పేనుబంక నల్లగా క్రమ్మియుండెను. దానిపై ఎఱ్ఱనివి, నారింజవన్నెవి అక్షింతల పురుగులు వందలకొలది మూగియుండెను. కొమ్మచివరలందు ఒకదానిపై నొకటి యెక్కియున్నవి. పొరుగుచేని కుఱ్ఱవాడు చూచి, "బాబాయిగారూ, చేనంతా పురుగు పట్టింది, ఇవాళే మందు కొట్టించండి" అనెను.

పూర్వ మొకసారి యిట్లే మందు కొట్టించి, పేనుబంక మునుపటికంటె హెచ్చుగా మరల వచ్చుట చూచినవాడను. కావున తొందరపడక, అతని సెల్‌ఫోనుతోనే వానిని దగ్గఱనుండి ఫొటోలు తీయుమంటిని.

ఇది చెప్పినంత సులభము కాదు. పురుగు మినపగింజకంటె కొంచెము పెద్దది. ఎండ యెక్కినచో చకచక నడచి కొమ్మకొస చేరి యెగిరిపోవును. మంచు ఆరకమునుపు చలికి మందగించియుండును గాన ఆ వేళయే తగినది. ఫ్లాష్ వేసినచో నున్నని వీపుపై మెఱుపు పడి మచ్చలు కనబడవు. నేను తువ్వాలుతో నీడ పట్టి, ఊగుచున్న కాడను వ్రేళ్లతో నిలిపితిని. ముప్పది ఫొటోలలో నాలుగు తేటగా వచ్చినవి. ఒక పురుగును తాకగా అది చచ్చినట్లు పడి, కాళ్ల కీళ్లనుండి పసుపుపచ్చని ద్రవము విడిచెను. ఆ కంపు మధ్యాహ్నమువరకు నా చేతిని వదలలేదు.

ఫొటోను పెద్దదిగా చేసి చూడగా పురుగునోట పేను సగము కనబడెను. ప్రక్కనే మొసలిపిల్లవంటి నల్లని పురుగొకటి గలదు. పంటను తినునది యిదియే యని మే మనుకొంటిమి. అదియు పేనులనే నమలుచుండెను! అది అక్షింతల పురుగు పిల్లయే.

ఇచ్చట మన భాష ఒక చిక్కు పెట్టినది. వంగ ఆకులను జల్లెడవలె చేయు దానినికూడ మనము అక్షింతల పురుగనియే పిలుచుచున్నాము. అది నిజముగా శత్రువు. దాని వీపు మెఱయదు, సన్నని నూగుతో మాసినట్లుండును. మచ్చలు సాధారణముగా 28. పిల్లలు పసుపువన్నెవి, ఒడలెల్ల ముళ్లు. పేరొకటే యగుటచే మిత్రునికి శిక్ష పడుచున్నది. దూరమునుండి చూచిన కంటికి ఈ భేదము తెలియదు, ఫొటోలో తెలియును.

మందు రెంటిని చంపును గదా యందురు. నిజమే. కాని పేను జతకూడకయే పిల్లలను కనును, వారము పదిదినములలో ఆ పిల్లలును కనును. అక్షింతల పురుగు గ్రుడ్డునుండి పెద్దదగుటకు సుమారు మూడు వారములు పట్టును. ఈ పందెములో గెలుపెవరిదో వేఱుగ చెప్పనక్కఱలేదు.

అమెరికాలోని కాలిఫోర్నియా నారింజతోటలను పొలుసుపురుగు నాశనము చేయుచుండగా, 1888లో ఆల్బర్ట్ కోబెలె యనునాతడు ఆస్ట్రేలియానుండి కొన్ని వందల అక్షింతల పురుగులను పంపెను. రెండేండ్లలోపల తోటలు తేఱుకొన్నవి. మన దేశమునకును 1898లో ఆస్ట్రేలియానుండి వేఱొక జాతిని తెచ్చిరి. పిండినల్లిపై దానిని నేటికిని వాడుచున్నారు.

అన్నిట నిదియే మందని నా వాదము కాదు. పేనుబంక దట్టముగానుండి, అక్షింతల పురుగులు అక్కడొకటి యిక్కడొకటి యున్నయెడల మందు తప్పదు. పల్లాకు తెగులు తెచ్చు తెల్లదోమ విషయమున వీనిని నమ్ముకొని కూర్చుండరాదు. కాని చూడకయే కొనుట యేల? సంఘమువారు మందు అమ్ముచోట నొక భూతద్దమును, ఈ రెండు పురుగుల ఫొటోలను ఉంచిన బాగుండును. మందు కోరివచ్చిన సభ్యుని, "ఫొటో తెచ్చితివా?" యని యడుగుట తప్పు గాదు. అమ్మకము కొంత తగ్గునేమో. తగ్గిన సొమ్ము సభ్యునిదే గదా.

ఎనిమిది దినములకు నా అలసందలపై పేనుబంక పలుచబడెను. మినుముమీదికి అంతగా ప్రాకలేదు. తరువాత పురుగులు వేఱొక చేనికి లేచిపోయినవి. నాలుగు ఫొటోలును అచ్చువేయించి ఉంచితిని. సంఘమువారు గోడపై చోటు చూపినచో ఈ వారమే తెచ్చి యిచ్చెదను.