పాపికొండల పడవ ప్రయాణం – ఇంటి దగ్గరే తీర్మానించుకోవలసిన సంగతులు



వరికోతలు అయిపోయి, క్రిస్మసు ఆరాధనలు ముగిసి, కాస్త ఊపిరి తీసుకునే వేళకు మన సంఘాలలో ఒక మాట లేస్తుంది: "ఈసారి అందరం కలిసి ఎక్కడికైనా పోయి వద్దాం." స్త్రీల మైత్రి వారు అడుగుతారు, యౌవనస్థులు అడుగుతారు, ఆదివారపు బడి పిల్లలు మరీ మరీ అడుగుతారు. అడగడంలో తప్పేమీ లేదు. ఏడాది పొడుగునా పొలంలోనూ వంటింట్లోనూ వంగిన నడుములకు రెండు రోజుల విశ్రాంతి కావలసిందే. లక్సెట్టిపేట, దండేపల్లి, జన్నారం వైపు వారు ఇలాంటప్పుడు తలచుకునే చోట్లలో పాపికొండలు ఒకటి. అందుకని ఈ నెల ఆ ప్రయాణం గురించే ముచ్చటించుకుందాం. ఎప్పుడు పోవాలి, ఏ లాంచీ ఎక్కాలి, ఏ రేవులో దిగాలి, అన్నిటికన్నా ముఖ్యంగా, ఎప్పుడు "వద్దు" అనాలి.

ఆ నది మనకు పరాయిది కాదు. లక్సెట్టిపేటకు దక్షిణాన పారే గోదావరే ఎల్లంపల్లి దాటి, మంచిర్యాల పక్కగా సాగి, కాళేశ్వరం దగ్గర ప్రాణహితను కలుపుకుంటుంది. ఆ తర్వాత ఇంద్రావతి, కూనవరం దగ్గర శబరి వచ్చి చేరుతాయి. ఇన్ని నదుల నీళ్లు మోసుకుంటూ పోయి ఆ కొండల నడుమ ఇరుకు దారిలో దూరుతుంది. మన దగ్గర ఇసుక మేటల మీద తీరికగా పరుచుకున్న నది అక్కడ లోతుగా, వడిగా, మలుపులు తిరుగుతూ పోతుంది. ఆ అందానికి కారణం అదే, ఆ ప్రమాదానికి కారణమూ అదే.

పోవడానికి రెండు దారులున్నాయి. ఒకటి భద్రాచలం మీదుగా. మంచిర్యాలలో రైలెక్కి వరంగల్ మీదుగా పోయేవారు ఒక సంగతి గుర్తుంచుకోవాలి. "భద్రాచలం రోడ్" అనే స్టేషను భద్రాచలంలో లేదు, కొత్తగూడెంలో ఉంది. అక్కడి నుండి భద్రాచలానికి ఇంకా 40 కిలోమీటర్లు బస్సులో పోవాలి. భద్రాచలం నుండి పోచవరం రేవు చేరి లాంచీ ఎక్కుతారు. ఆ రేవు ఉన్న వి.ఆర్.పురం మండలం 2014 నుండి ఆంధ్రప్రదేశ్‌లో ఉంది. కనుక లాంచీల రాకపోకల సంగతి ఆ రాష్ట్ర అధికారులనే అడగాలి. రెండవ దారి రాజమండ్రి మీదుగా. దేవీపట్నం మండలంలోని గండిపోచమ్మ దగ్గర లాంచీ ఎక్కి ఎదురు ప్రవాహంలో పైకి పోతారు.

ఇక కాలం మాట. వానాకాలంలో ఆ తలంపే పెట్టుకోవద్దు. 2022 జూలైలో మన కడెం ప్రాజెక్టుకు 5 లక్షల క్యూసెక్కులకు మించి వరద వచ్చినప్పుడు దిగువ ఊళ్లవారు ఇండ్లు విడిచి పోవలసి వచ్చింది. ఆ వారంలోనే భద్రాచలం వద్ద గోదావరి 71 అడుగులు దాటింది. అక్కడ 43 అడుగులకే మొదటి ప్రమాద హెచ్చరిక ఇస్తారు, 53 అడుగులకు మూడవది. మన ఇంటి ముందు ఎండ కాస్తున్నా, పైన మహారాష్ట్రలోనో ఛత్తీస్‌గఢ్‌లోనో కురిసిన వాన ఆ ఇరుకులో నదిని ఉరికిస్తుంది. నవంబరు నుండి ఫిబ్రవరి వరకు నీరు నెమ్మదిగా ఉంటుంది, ఎండా తక్కువ. మన పొలం పనులకూ పిల్లల సెలవులకూ ఆ కాలమే అనువు.

ఇంత గట్టిగా చెప్పడానికి కారణం ఉంది. 2019 సెప్టెంబరు 15 ఆదివారం నాడు, నదిలో వరద పారుతుండగానే ఒక ప్రైవేటు లాంచీ పర్యాటకులను ఎక్కించుకొని పాపికొండలకు బయలుదేరింది. కచ్చులూరు మలుపు దగ్గర సుడిలో పడి బోల్తాపడింది. అందులో ఉన్న 77 మందిలో 26 మంది బ్రతికారు, 51 మంది పోయారు. హైదరాబాదు, వరంగల్ వారితోపాటు మన మంచిర్యాల జిల్లా వారు కూడా ఆ లాంచీలో ఉన్నారు. బ్రతికినవారిని నాటు పడవలు వేసుకొని పోయి కాపాడినది దగ్గరి ఊళ్ల గిరిజనులు. మునిగిన లాంచీని పైకి తీయడానికి అక్టోబరు 22 వరకు పట్టింది. అన్ని రోజులు ఒడ్డున కూర్చొని ఎదురుచూసిన తల్లుల దుఃఖం మాటలతో చెప్పలేము.

దానికి ముందు ఏడు, 2018 మే నెలలో, అదే నదిలో మంటూరు దగ్గర మరొక లాంచీ మునిగింది. గాలివాన వచ్చిందని లోపలివారు తలుపులు, కిటికీలు మూసుకున్నారు. లాంచీ ఒరిగినప్పుడు వారు బయటికి రాలేకపోయారు.

అపొస్తలుల కార్యములు 27వ అధ్యాయం మనందరికీ తెలిసినదే. ప్రయాణకాలం దాటిపోయింది, ఇక సాగవద్దని పౌలు ముందే హెచ్చరించాడు. శతాధిపతి ఓడ నడిపేవాని మాటా, ఓడ యజమాని మాటా నమ్మాడు. ఉన్న రేవు చలికాలం గడపడానికి వసతిగా లేదని ఎక్కువమంది పోదామన్నారు. మెల్లగా వీచిన దక్షిణపు గాలిని చూసి అంతా బాగుందనుకున్నారు. ఆ తర్వాత తుఫాను లేచింది. 276 మంది ప్రాణాలతో ఒడ్డు చేరారు గాని ఓడ దక్కలేదు. అంత విశ్వాసి అయిన పౌలు కూడా "ప్రార్థన చేసుకొని ఎక్కేద్దాం" అనలేదు, కాలాన్ని చూసి మాట్లాడాడు. మనం గమనించవలసినది అదే. ప్రార్థన చేసినవారికి లైఫ్ జాకెట్ అక్కరలేదని అనుకోవడం భక్తి అనిపించుకోదు.

మన ప్రయాణాలలో "వద్దు" అనే మాట ఎందుకు రాదు? ముందే అడ్వాన్సు కట్టి ఉంటాం. బస్సు మాట్లాడి ఉంటాం. పులిహోర కట్టుకొని, పిల్లలకు కొత్త బట్టలు వేసి, తెల్లవారకముందే రేవుకు చేరుకుంటాం. అప్పుడు ఎవరైనా నీళ్లు ఎర్రగా ఉన్నాయంటే, "ఇంత దూరం వచ్చి పిరికితనమా?" అంటారు. నలుగురిలో ఆ మాట పడలేక పెద్దవారు కూడా ఊరుకుంటారు. కాబట్టి ఈ తీర్మానం ఇంటి దగ్గరే చేసుకోవాలి. బయలుదేరే ముందు సంఘంలో ఒక పెద్దను, ఆయనతోపాటు ఒక తల్లిని ఏర్పరచుకోండి. వారిద్దరిలో ఎవరు వద్దన్నా అందరూ దిగిపోవాలని మాట తీసుకోండి. డబ్బు తిరిగి రాకపోతే ఆ నష్టాన్ని అందరూ పంచుకోవాలని కూడా అప్పుడే ఒప్పుకోండి. బతికుంటే బలుసాకు తినవచ్చునని మన పెద్దలు ఊరకే అనలేదు.

రేవులో చూడవలసినవి కొన్ని ఉన్నాయి. 2019 ప్రమాదం తర్వాత రేవుల దగ్గర కంట్రోల్ రూములు పెట్టి, తనిఖీ జరిగాకే లాంచీలు వదిలే ఏర్పాటు చేశారు. ఆ రోజు అనుమతి ఉందా అని సరంగును గాక, కంట్రోల్ రూములోనే అడగండి. లాంచీ మీద ఎంతమందికి అనుమతి అని రాసి ఉందో చూసి, మనుషులను లెక్కపెట్టండి. లైఫ్ జాకెట్లు మనిషికొకటి ఉన్నాయా, చిన్నపిల్లలకు సరిపోయేవి ఉన్నాయా అడగండి. పెద్దల జాకెట్ తొడిగితే పిల్లవాడు అందులోనుండి జారిపోతాడు. ఒకసారి తొడిగిన జాకెట్ దిగేవరకు విప్పవద్దు, భోజనం వేళ అయినా, ఫోటో కోసమైనా సరే. చీర కట్టుకున్న అక్కలు, అమ్మలు కొంగు జాకెట్ లోపలికి దోపుకోవాలి. తలుపులు మూసిన గదిలో కూర్చోవద్దు. వింత కనబడిందని అందరూ ఒకే పక్కకు పరుగెత్తవద్దు.

ఇక ఏ రేవులో దిగాలి? దారిలో చూపించే చోట్లు చాలా ఉంటాయి. అన్నీ చూడాలనే ఆశే సగం అలసటకు కారణం. ఒక రోజుకు రెండు చోట్లు చాలు. వాటిని ఎంచేటప్పుడు గుంపులో అందరికన్నా బలహీనులను తలచుకోండి. మోకాళ్ల నొప్పుల అవ్వ, నిండు నెలలు దగ్గరపడుతున్న కోడలు, చంకలో పసిబిడ్డ ఉన్న తల్లి, వీరు ఎక్కగలరా, దిగగలరా? ఒడ్డు ఎంత ఏటవాలుగా ఉంది? నీడ ఉందా? స్త్రీలకు మరుగు ఉందా? తిరిగి ఎన్నింటికి లాంచీ ఎక్కాలి? ఈ ప్రశ్నలకు జవాబు దొరికిన చోటే దిగండి.

పేరంటాలపల్లి ప్రసిద్ధమైన రేవు. అక్కడ ఒక ఆశ్రమం, గుడి ఉన్నాయి. ఆ ప్రాంతపు కొండరెడ్లు వెదురుతో అల్లిన వస్తువులు అమ్ముతారు. బేరమాడి వారి కష్టాన్ని తగ్గించకండి. ఆ అల్లికను పిల్లలకు దగ్గరగా చూపించండి. కొల్లూరు దగ్గర ఇసుక తిన్నెల మీద వెదురు గుడిసెలలో రాత్రి బస ఉంటుంది. యౌవనస్థులకు అది బాగుంటుంది గాని, మందులు వేళకు వేసుకోవలసిన పెద్దలకు తగదు. ఒకటి మరువకండి. పోలవరం ప్రాజెక్టు వద్ద 2021లో నదిని మళ్లించినప్పటి నుండి వెనుక నీరు పెరిగి, ఎన్నో ఊళ్లు ఖాళీ అయ్యాయి. ఒకప్పుడు దిగిన రేవు ఇప్పుడు ఉండకపోవచ్చు. ఎవరో ఎప్పుడో పోయివచ్చి చెప్పిన మాట మీద ఆధారపడక, ఆ వారంలో అడిగి తెలుసుకోండి. ఏ రేవులోనూ స్నానానికి దిగవద్దు. ఇసుక ఒడ్డు రెండడుగులకే లోతులోకి తెగిపోతుంది.

నీళ్లంటే భయపడేవారికి ఒడ్డు మీదే చూడదగినవి ఉన్నాయి. భద్రాచలానికి ఎగువన దుమ్ముగూడెంలో పాత ఆనకట్ట ఉంది. గోదావరి మీద సముద్రం నుండి మధ్యదేశం దాకా పడవలు నడపాలని ఆర్థర్ కాటన్ దొర కన్న కలలో అది ఒక భాగం. ఆ పని 1871లో ఆగిపోయింది. అక్కడ పనిచేసిన ఇంజనీరు హేగ్ దొర కోయ ప్రజల మధ్య సువార్త పని మొదలు కావడానికి కారకుడయ్యాడు. రాజమండ్రి వైపు పోయేవారికి ధవళేశ్వరంలో కాటన్ మ్యూజియం ఉంది. ఆయన 1847లో మొదలుపెట్టి 1852లో ముగించిన ఆనకట్ట కథ పిల్లలకు అక్కడ తెలుస్తుంది.

ఈ మధ్య అమెరికాలో ఉద్యోగాలు చేస్తున్న పిల్లలు తల్లిదండ్రులను పిలిపించుకొని, ఉత్తరాన మంచుకొండల అలాస్కాకు ఓడలో తీసుకుపోవడం కూడా జరుగుతున్నది. ఆ ఓడ పెద్దదే గాని సూత్రం ఇదే. జూనో, స్కాగ్వే, కెచికాన్ వంటి రేవులలో దిగి చూడటానికి రకరకాల ఏర్పాట్లు ఉంటాయి. ఓడవారి ద్వారా తీసుకున్న ఏర్పాటులో ఆలస్యమైతే ఓడ ఆగుతుంది. సొంతంగా పోయి ఆలస్యమైతే మాత్రం ఆగదు. సియాటిల్ నుండి బయలుదేరే ఓడలు సాధారణంగా కెనడా రేవును కూడా తాకుతాయి. కనుక కెనడా వీసా, అమెరికాలో తిరిగి అడుగుపెట్టే అనుమతి ముందే చూసుకొమ్మని పిల్లలకు చెప్పండి. అక్కడా పది చోట్లకు ఆశపడక, నాన్నగారి కాళ్లకు తగినవి ఒకటి రెండు ఎంచుకోవడమే మంచిది.

అంత దూరం పోలేని కుటుంబాలు చిన్నబుచ్చుకోవలసిన పని లేదు. జన్నారం మీదుగా పోతే కవ్వాల్ అడవి దాటి కడెం జలాశయం వస్తుంది. నీరు నెమ్మదిగా ఉన్న కాలంలో అక్కడ పడవ విహారం ఉంటుంది. పొద్దున పోయి సాయంత్రానికి ఇంటికి రావచ్చు. అదే కడెం వాగు మీద ఎగువన కుంటాల జలపాతం సుమారు 45 మీటర్ల ఎత్తు నుండి దూకుతుంది. దాన్ని పైనుండి చూసి తృప్తిపడండి, మడుగులో మాత్రం దిగవద్దు. జాకెట్ నియమం, లెక్క నియమం, "వద్దు" అనే నియమం అక్కడా వర్తిస్తాయి.

ఈ నెల ఇంటింటా ఒక పని చేయండి. ప్రయాణం తేదీ నిర్ణయించక ముందే అందరూ కూర్చొని ముగ్గురి పేర్లు కాగితం మీద రాయండి: వద్దని చెప్పే అధికారం ఉన్న పెద్ద, ఆయనతో ఆ తల్లి, ప్రతి రేవులో ఎక్కేటప్పుడూ దిగేటప్పుడూ తలలు లెక్కపెట్టే యౌవనస్థుడు. ఆ కాగితం సంచిలో పెట్టుకొని బయలుదేరండి. ఎంతమంది పోయారో అంతమందీ తిరిగి వచ్చి, మరుసటి ఆదివారం గుడిలో తమ తమ చోట్లలో కూర్చోవాలని మా ప్రార్థన.